సాయంత్రం తుప్పు

రాత్రంతా వాన. తెల్లారేసరికి ఇనుము రంగు మారింది.

ఇటుకపొడి చల్లినట్టు, కార్ల చక్రాల సందుల్లోంచి ఎర్రెర్రగా కనిపిస్తోంది. వేలితో రాస్తే వేలికి అంటుకుంటుంది. ఆ వేలు పొరపాటున పెదవికి తగిలితే నెత్తురు రుచి.

షెడ్డు ముందు మొదటి కారు కదిలింది. మొదటి బ్రేకు పడింది.

గర్ర్ర్...

రెండో బ్రేకుకి అందులో సగం. నాలుగో బ్రేకుకి ఏమీ లేదు. చక్రం లోపలి ఇనుప డిస్కు మళ్ళీ తళతళలాడుతూ తన దారిన తాను తిరిగింది.

మేస్త్రీ ఆ చప్పుడు ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాడు. బ్రేకులు తప్ప ఇంకో పని ముట్టుకోడు. ఇంజను సంగతేంటని ఎవరైనా అడిగితే గడ్డంతో పక్క షెడ్డు చూపిస్తాడు. బండిని నడిపించేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, ఆపేవాణ్ణి నేనొక్కణ్ణే అని ఒకప్పుడు గొప్పలు కూడా పోయేవాడు.

ఒకప్పుడు.

వానాకాలం వచ్చిందంటే జనం హడలిపోయి వస్తారు. మేస్త్రీ, కొత్త కారు, అప్పుడే ఈ తుప్పేంటి అంటారు. అతను వంగి కూడా చూసేవాడు కాదు.

"పైతుప్పండీ. నాలుగు బ్రేకులేస్తే అదే పోతుంది."

రోజుకి పదిసార్లు. ఇరవైసార్లు. నోటికి అలవాటైపోయిన మాట. అబద్ధం కాదు, అందుకే అంత సులువుగా వచ్చేది. డిస్కుకి లోపలి వైపు ఒక ప్యాడు, బయటి వైపు ఒక ప్యాడు. బ్రేకు నొక్కగానే రెండూ కలిసి దాన్ని బిగించి పట్టుకుంటాయి. ఆ రాపిడికి రాత్రి పట్టిన తుప్పంతా రాలిపోతుంది.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున కనిపించే తుప్పుకి భయపడక్కర్లేదు. కారు రోజంతా తిరిగి వచ్చాక, సాయంత్రం కూడా ఆ తుప్పు అలాగే ఉందంటే – బయటి ప్యాడు డిస్కుని తాకడం లేదని అర్థం. లోపల ప్యాడుని జరిపే పిన్ను బిగుసుకుపోయిందని అర్థం. ఇద్దరు మోయాల్సిన మంచాన్ని ఒక్కడే మోస్తున్నట్టు, లోపలి ప్యాడు ఒక్కటే అరిగిపోతోందని అర్థం.

పని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజే చెప్పే పాఠం అది. ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. అలాంటివాడు తనే మరిచిపోయాడు.

కాదు... మరిచిపోలేదు. బాధంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఎవరొచ్చినా చక్రం విప్పుతున్నాడు. వద్దు మేస్త్రీ, తొందరలో ఉన్నాం అన్నా వినడు. లోపలి వైపు టార్చి వేసి చూస్తాడు. బయటి వైపు చూస్తాడు. మళ్ళీ లోపలి వైపు చూస్తాడు. మేస్త్రీకి ఈమధ్య చాదస్తం పట్టుకుందని బయట నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

పది వారాలుగా అతని నోట పైతుప్పు అన్న మాట రావడం లేదు.

*

అతనికి ఒక్కతే చెల్లెలు. పన్నెండేళ్ళ చిన్నది. సైకిలు నేర్పిందీ అతనే, కారు నేర్పిందీ అతనే. ఎంత జోరుగానైనా పో, కాలికి మాత్రం బ్రేకు ఎక్కడుందో నిద్రలో కూడా తెలియాలి – అని చెప్పి చెప్పి, ఆమె విసుక్కునేదాకా చెప్పి నేర్పాడు.

ఆమె పని ఇళ్ళకు వెళ్ళి రక్తం తీయడం. చిన్న పెట్టె, అందులో గాజు గొట్టాలు, దూది, సూదులు. చర్మం ఎముకకు అంటుకుపోయిన ముసలి చేతుల్లో నరం దొరకబుచ్చుకోవడం ఆమెకే చెల్లింది. అయిపోయిందండీ అని ఆమె దూది అదిమితే, ఎప్పుడు గుచ్చావమ్మా అని అడిగేవాళ్ళు.

అంత నిలకడైన చెయ్యి ఆమెది.

ల్యాబు వేరే వీధికి మారే హడావిడిలో మూడు నెలలు మూతపడింది. మూడు నెలలూ కారు ఇంటి ముందే నిలబడి ఉంది. ఎండకి ఎండింది, వానకి తడిసింది. ల్యాబు తెరిచాక మళ్ళీ రోడ్డెక్కింది.

నాలుగు రోజులకి షెడ్డుకి వచ్చింది.

సాయంత్రం ఐదున్నర. ఆ రోజు చినుకు లేదు. పొద్దుటి నుంచీ ఎండ కాసింది. పద్నాలుగు ఇళ్ళు తిరిగి, అలసిపోయిన మొహంతో దిగింది.

"అన్నయ్యా, నా వైపు ముందు చక్రం దగ్గర ఒకటే గీరుడు. ఒక్కసారి చూడవూ."

మేస్త్రీ వేరే కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొండికేసిన మరమేకు ఒకటి గంటసేపటి నుంచి అతని ప్రాణం తీస్తోంది. తల పక్కకి తిప్పాడు. రెండు చక్రాల మధ్య నుంచి చెల్లెలి చెప్పులు కనిపించాయి. వాటి వెనక ఆమె కారు చక్రం. చక్రం సందుల్లో ఇటుకపొడి రంగు.

చూశాడు.

వాలుతున్న ఎండ సరిగ్గా ఆ డిస్కు మీదే పడుతోంది. చక్కగా కనిపించింది. ఇదేంటి, ఈ వేళప్పుడు – అని లోపల ఏదో చురుక్కుమంది. చీమ కుట్టినంత. అంతే.

చేతిలో రెంచి ఉంది. మర కాస్త కదిలినట్టే ఉంది. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

"పైతుప్పే. నాలుగు బ్రేకులేస్తే అదే పోతుంది."

"పోవట్లేదన్నయ్యా. నాలుగు రోజుల్నించీ వేస్తూనే ఉన్నాను."

"బ్రేకుల మేస్త్రీ చెల్లెలివై ఉండి తుప్పుకి భయపడితే ఎట్లాగే? బయట చెప్పకు, నా పరువు పోతుంది."

ఆమె నవ్వింది. అన్నయ్య చూశాడు కదా, ఇంకేం అనుకుంది. పెట్టె వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. షెడ్డు గేటు దగ్గర బ్రేకు వేసినప్పుడు గర్రుమంది.

అతనికి వినపడింది.

ఆ మర మాత్రం వచ్చింది.

*

తొమ్మిది రోజులు.

తొమ్మిది రోజుల్లో ఎప్పుడు పిలిచి చూసినా సరిపోయేది. గంట పని. మేనకోడలితో కబుర్లు చెప్పుకుంటూ చేసేసే పని. రోజూ పడుకోబోయే ముందు ఆ ఎండ, ఆ డిస్కు ఒక్క క్షణం కళ్ళముందు మెదిలేవి. రేపు చూద్దాంలే అనుకునేవాడు. రేపు ఇంకెవరిదో కారు ఉండేది.

పదో రోజు పొద్దున సన్నగా తుంపర. ఆమె కూతుర్ని బడిలో దింపడానికి బయలుదేరింది. ఏడేళ్ళ పిల్ల. వాగుడుకాయ. ఇంట్లో అందరూ పిట్ట అనే పిలుస్తారు. దిగుడు రోడ్డు మీద ముందు పోతున్న పాలవ్యాను ఉన్నట్టుండి ఆగింది.

ఆమె బ్రేకు నొక్కింది.

ఒక వైపు పట్టింది. ఆమె వైపు పట్టలేదు. కారు ఒక్కసారిగా పిల్ల కూర్చున్న వైపుకి లాగేసి, సిమెంటు స్తంభానికి కొట్టుకుంది.

పిట్ట కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది.

*

కారు షెడ్డుకే వచ్చింది. ఇంకెక్కడికి వస్తుంది?

మేస్త్రీ ఆ రోజు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తనే జాకీ ఎత్తాడు. తనే చక్రం విప్పాడు. బయటి వైపు డిస్కంతా ఎర్రగా, ముట్టుకోనట్టే ఉంది. లోపలి వైపు ప్యాడే లేదు. వెనకుండే ఇనుప రేకు ఒక్కటే మిగిలింది. ఇనుముని ఇనుము రాసి రాసి, డిస్కు మీద లోతుగా గాట్లు పడ్డాయి. వేలు పెడితే వేలు దిగింది.

పిన్ను కదల్లేదు. సుత్తితో కొడితే గానీ కదల్లేదు.

కింద కూలబడిపోయాడు. ఏడుపు రాలేదు. చేతులకి అంటిన తుప్పుని ప్యాంటుకి రాసుకుంటూ ఉన్నాడు, అంతే.

తర్వాత లేచి కొత్త డిస్కులు తెచ్చాడు. కొత్త ప్యాడ్లు తెచ్చాడు. పిన్నులకి గ్రీజు పెట్టాడు. పాతవన్నీ పాత ఇనుము కుప్ప అడుగుకి తోసేశాడు. ఎందుకలా చేశాడో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

సాయంత్రం చెల్లెలి మొగుడు వచ్చాడు. లెక్కల మాస్టారు. ఏదైనా సరే మెట్టు మెట్టుగా తేల్చందే వదలడు.

"బ్రేకు ఎలా ఉంది బావా?"

"బాగానే ఉంది."

అది అబద్ధం కాదు. ఆ నిమిషానికి బ్రేకు బాగానే ఉంది. తనే బాగు చేశాడు.

ఆ మాట ఆస్పత్రికి వెళ్ళింది. పిల్ల మంచం పక్కన కూర్చున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. బ్రేకు బాగానే ఉందంటున్నాడు మీ అన్నయ్య, మరి నీ కాలు ఎక్కడ పెట్టావు – అన్నాడట మాస్టారు. మెల్లగానే అన్నాడట.

చెల్లెలు మొదటిరోజు చెప్పింది – నేను నొక్కాను.

వారానికి – నొక్కాననే అనుకుంటున్నాను.

రెండు వారాలకి – కాస్త ఆలస్యంగా నొక్కానేమో.

నెల తిరిగేసరికి – పిట్ట ఏదో అడుగుతుంటే దాని వైపు తిరిగానండీ, రోడ్డు చూడలేదు.

ఇప్పుడు అడిగితే – నేను అసలు నొక్కనే లేదు.

మేస్త్రీ ఈ ఐదు మాటలూ విన్నాడు. నొక్కిన మనిషి నొక్కలేదంటోంది. కళ్ళారా చూసిన రోడ్డుని చూడలేదంటోంది. అన్నయ్య మాట తప్పు కాదు కాబట్టి తన జ్ఞాపకమే తప్పయి ఉండాలనుకుని, కూర్చుని దిద్దుకుంటోంది.

చెప్పెయ్యి. ఒక్క మాట. చెప్పలేదు.

భయం. ఇంకేం కాదు, భయం. షెడ్డు పోతుందని కాదు. చెల్లెలు తనని చూసే చూపు పోతుందని. చిన్నప్పటి నుంచీ ఆమె ఒక్కతే అతన్ని అలా చూసేది – మా అన్నయ్య చెయ్యి పడితే చాలు, ఇక తిరుగులేదు అన్నట్టు. ఆ చూపు లేకుండా ఎలా బతకాలో అతనికి తెలియదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ అంతే.

భార్య రెండుసార్లు అడిగింది, ఏంటండీ అలా ఉంటున్నారు అని. పనుందని లేచిపోయాడు. మూడోసారి అడగడం మానేసింది.

పిట్టని చూడ్డానికి రోజూ వెళ్ళేవాడు. కాలికి తెల్లటి కట్టు. కట్టు మీద రంగు పెన్సిళ్ళతో కార్ల బొమ్మలు. అన్నిటికీ చక్రాలు పెద్దవి.

"మావయ్యా, అమ్మ బ్రేకు మర్చిపోయిందంట కదా?"

మేస్త్రీ ఒక పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈసారి నేను గుర్తుచేస్తాలే. బ్రేకమ్మా, బ్రేకమ్మా అంటా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చెల్లెలు విన్నది. మేస్త్రీ తల దించుకుని పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు, మొన విరిగిపోయేదాకా.

*

తర్వాత ఆమె చేతి నిలకడ కూడా పోయింది.

ఒక పెద్దావిడ చేతికి మూడుసార్లు గుచ్చింది. మూడుసార్లూ తప్పింది. నాలుగోసారి సూది పట్టుకుంటే వణుకు. పెద్దావిడే ఓదార్చింది, పోనీలే తల్లీ, రేపు తీద్దువుగాని అని. ల్యాబువాళ్ళు మంచివాళ్ళు, ఏమీ అనలేదు. బయటికి పంపడం మానేసి, సీసాల మీద చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టారు.

ఆ సంగతి చెప్పింది మాస్టారే. ఈసారి గొంతులో లెక్క లేదు. మీ చెల్లెల్ని నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి బావా, నాకు చేతకావడం లేదు అన్నాడు. అన్నవాడు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ఆ శనివారం చెల్లెలు షెడ్డుకి నడిచి వచ్చింది. ఎండలో అంత దూరం. నీళ్ళు తాగింది. చీర కొంగుతో మూతి తుడుచుకుంది. నేల వైపు చూస్తూ అంది –

"అన్నయ్యా, నాకు మళ్ళీ నేర్పు. మొదట్నించీ. బ్రేకు ఎక్కడుందో కూడా తెలియనిదాన్ననుకో."

సరే అన్నాడు.

*

ఆదివారం పొద్దున. ఊరి చివర ఖాళీ మైదానం. రాత్రి మళ్ళీ వాన పడింది. గడ్డి తడి ఇంకా ఆరలేదు.

నలిగిన రేకు సరిచేశాక కూడా, పది వారాలు షెడ్డు వెనక పడి ఉన్న కారు. లారీ మీద ఎక్కించి తెప్పించాడు. కొత్త డిస్కుల మీద కొత్త తుప్పు.

ఆమె సీట్లో కూర్చుంది. స్టీరింగుని రెండు చేతులతో, పిట్ట చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. అతను పక్క సీట్లో. పిల్ల కూర్చున్న సీటు.

మెల్లగా పోనిచ్చింది. నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా. మైదానం సగం దాకా వెళ్ళింది.

"ఇప్పుడు నొక్కనా?"

"నొక్కు."

గర్ర్ర్...

ఆమె ఉలిక్కిపడి కాలు తీసేసింది. కారు తనంతట తాను దొర్లుతోంది.

"ఏంటది? అన్నయ్యా, ఏంటా చప్పుడు? నేనేం చేశాను?"

పైతుప్పే. నాలుగు బ్రేకులేస్తే అదే పోతుంది.

మాట నాలుక చివరకొచ్చి నిలబడింది. ఈసారి అది నిజం. డిస్కులు కొత్తవి, ప్యాడ్లు కొత్తవి, పిన్నులకి గ్రీజు తన చేత్తోనే పెట్టాడు. చెప్పొచ్చు. చెప్తే నమ్ముతుంది. నాలుగు బ్రేకులేస్తుంది, చప్పుడు పోతుంది, అన్నయ్య చెప్పాడు కదా అనుకుంటుంది. మెల్లగా నేర్చుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి కూడా కుదురుకుంటుంది. జీవితాంతం, పిల్ల కుంటిన ప్రతిసారీ, నేను నొక్కలేదు అనుకుంటుంది.

ఆమె తన వైపే చూస్తోంది. నేనేం చేశాను అని అడిగిన మొహంతో.

"నువ్వేం చెయ్యలేదు" అన్నాడు.

"ఆ రోజు నువ్వు నొక్కావు. సరిగ్గా నొక్కావు. వేళకే నొక్కావు. బ్రేకు పట్టలేదు. నీ వైపు ప్యాడు లేదు, ఇనుము ఒక్కటే ఉంది. నేనే విప్పాను. నేనే మార్చేసి, బాగానే ఉందని చెప్పాను."

కారు దొర్లి దొర్లి ఆగింది. ఇంజను సన్నగా మోగుతోంది.

ఆమె ముందు అద్దంలోంచి గడ్డిని చూస్తోంది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"కారు షెడ్డుకి వచ్చిన రోజు నుంచి."

ఆమె తల ఊపింది. అది చాలేమో. అక్కడికి ఆపెయ్యొచ్చేమో. పది వారాలు మోసినదాంట్లో సగం దింపి, మిగతా సగం తనతోనే ఉంచుకోవచ్చేమో... అనిపించింది. నిజంగానే అనిపించింది.

"కాదు. అంతకు ముందే. నువ్వొచ్చి అడిగావే, ఆ సాయంత్రం. తుప్పు కనపడింది. ఆ వేళకి తుప్పు ఉండకూడదు. నాకు తెలుసు. తెలిసీ లేవలేదు."

అప్పుడు తిరిగి చూసింది. అతను భయపడిన చూపు అదే. అనుకున్నదానికన్నా నెమ్మదిగా ఉంది. కోపం కూడా కాదు. దారిన పోయే మనిషిని, ఎక్కడో చూసినట్టుందే అని చూసే చూపు.

"మొన్న పిట్ట నన్ను అడిగింది" అంది. "అమ్మా, నేనంటే ఇష్టం లేకే బ్రేకు వెయ్యలేదా అని. లేదు తల్లీ, మర్చిపోయాను అని చెప్పాను. ఒట్టేసి చెప్పాను."

అతను ఆమె వైపు చెయ్యి చాచాడు.

"దిగు."

"నువ్వొక్కదానివే..."

"దిగన్నయ్యా."

దిగాడు. తలుపు మెల్లగా వేశాడు. గడ్డి తడి చెప్పుల్లోంచి పాదాలకి తగిలింది.

గేరు పడింది. కారు కదిలింది. ముందు మెల్లగా... తర్వాత మెల్లగా కాదు. మైదానం గేటు వైపు నేరుగా పోతోంది. గేటు అవతల రోడ్డు. రోడ్డు మీద లారీలు. బ్రేకమ్మా – అనుకున్నాడు. పైకి అనలేదు. అనే హక్కు తనకి లేదనిపించింది.

గేటు దగ్గర వెనక ఎర్ర దీపాలు వెలిగాయి.

గర్ర్ర్...

ఆగింది. గీత గీసినట్టు, అటు లాగకుండా ఇటు లాగకుండా ఆగింది. ఒక లారీ వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డెక్కి, ఇంటి వైపుకి కాదు, ల్యాబు వైపుకి కాదు, ఎటో అతనికి తెలియని వైపుకి తిరిగింది.

అతను మైదానం మధ్యలో నిలబడి చెవులు రిక్కించాడు. కొంచెం ముందుకి పోతే అక్కడొక మలుపు ఉంది. అక్కడ బ్రేకు వెయ్యాలి. తర్వాత ఇంకో మలుపు.

మొదటి మలుపు దగ్గర చప్పుడు సన్నగా వినపడింది.

రెండో మలుపు దగ్గర ఏమీ వినపడలేదు. తుప్పు రాలిపోయిందో... అంత దూరం వెళ్ళిపోయిందో.

మళ్ళీ తుంపర మొదలైంది.